మా కాలవ మట్టి మెదక్ వెళ్లిన వైనం

సముద్రం చూడాలనుకునేవాళ్లు మెదక్ వెళ్లరు. మెదక్‌లో పెద్ద చర్చి ఉంది, బజారు ఉంది, కలెక్టరు ఆఫీసు ఉంది. సముద్రం మాత్రం ఎటు పోయినా ఓ రోజు ప్రయాణం. అయినా పోయిన శీతాకాలం నేను సముద్రం పని మీదే మెదక్ వెళ్లాను. వెళ్తూ వెళ్తూ ఆ సముద్రాన్ని కాస్త థర్మాకోల్ పెట్టెలో సర్దుకుని మరీ వెళ్లాను. ఇది ఎవరి తెలివో తెలియాలంటే ముందు మా ఊరి సంగతి చెప్పాలి.

మాది కోస్తాలో ఒక రేవు పట్టణం. పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. ఊరి చివర ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. మేం దాన్ని కాలవ అనే అంటాం. ఆ కాలవ గట్టున ఒక ఆయిల్ డిపో, డిపోకి ఒక గొట్టం, గొట్టం కింద నీళ్ల మీద ఏడాది పొడుగునా రంగులు తేలుతుంటాయి. ఆ కాలవ చేపని ఎన్నిసార్లు కడిగి పసుపు పట్టించినా పులుసులో కిరసనాయిలు వాసన వస్తుంది. అది పడవల ఇంజన్ల వాసన అన్నారు డిపోవారు. డిపో వాసనే అన్నారు పడవలవారు. అర్జీల మీద అర్జీలు పడ్డాక ఒక కమిటీ వేశారు. నీళ్లలోనూ అడుగు మట్టిలోనూ పెట్రోలియం ఎంత ఉందో కొలిపించమన్నారు.

కొలవడానికి మా వైపు ల్యాబులు లేవా? ఉన్నాయి. ఒకటి డిపోకి పనిచేస్తుంది, ఇంకోటి డిపో పని ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంది. అందుకని, సముద్రం మొహం ఎన్నడూ చూడని ల్యాబైతే పక్షపాతం ఉండదని కమిటీవారు తేల్చారు. టెండరు పిలిస్తే అందరికన్నా తక్కువకు ఒప్పుకున్నది మెదక్ ల్యాబు.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నా వల్ల ఎవరికీ లాభం గానీ నష్టం గానీ లేదని రూఢి చేసుకుని నన్ను స్వతంత్ర సాక్షిగా వేశారు. సీసాలు నింపేటప్పుడు పక్కనుండాలి, సీలు వేయించాలి, మెదక్‌లో అప్పజెప్పాలి, పరీక్ష అయ్యేదాకా కదలకూడదు. సీసాలు నింపిన మర్నాడే డిపోవారికి కాలవ అందం గుర్తొచ్చింది. సుందరీకరణ పేరుతో పొక్లెయినర్ తెచ్చి గొట్టం కింద మట్టినంతా తోడి లారీల్లో ఎత్తుకుపోయారు. ఇక ఆ మట్టి లోకంలో మిగిలింది మా పెట్టెలోనే. అది పాడైతే చేపలమ్ముకునేవాళ్ల మాటకు ఆధారమంటూ లేదు.

రైల్లో

ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను గానీ నూకాలమ్మ ఒప్పుకోలేదు. నూకాలమ్మ ఆ కాలవ చేపలే గంపకెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. మా ఇంటికీ ఏళ్ల తరబడి ఆవిడే వేస్తోంది. అర్జీ మీద మొదటి వేలిముద్ర కూడా ఆవిడదే.

"మట్టి మాదండి. మట్టెక్కడికెళ్తే నేనూ అక్కడికే. మీరు సదువుకున్నోళ్లు, ఎవడేం సెప్పినా నమ్మేత్తారు" అంది.

పెట్టెలో ఐసు, ఐసులో ముదురు రంగు గాజు సీసాలు, రేకు కాగితం చుట్టిన మట్టి జాడీలు. మా ఊరి స్టేషన్లో ఐసు పెట్టె పట్టుకుని రైలెక్కితే అందులో చేపలు కాక ఇంకేముంటాయి? ఎదురు బెర్తు పెద్దమనిషి ముక్కుకు రుమాలు కట్టుకుని, టీటీని బతిమాలి వేరే పెట్టెలోకి మారిపోయాడు. అసలు వాసనే లేదు. నూకాలమ్మకి మండుకొచ్చింది.

"మంచి సేపకి వాసనుండదండి. సేపలే అనుకున్నాడనుకోండి, మంచియ్యని ఎందుకనుకోకూడదు?"

ఆవిడకు అంతకన్నా కోపం తెప్పించింది ఒక సీసా. అందులో ఉన్నది శుద్ధమైన నీళ్లు. మా కాలేజీ ల్యాబులో నింపిందే. మిగతా సీసాలతో పాటు ఇదీ ప్రయాణం చేయాలి, అదే పరీక్ష దీనికీ జరగాలి. చివర్లో ఇందులో నూనె ఏమీ కనబడకూడదు. కనబడిందంటే ఆ నూనె కాలవది కాదు, దారిలోనో ల్యాబులోనో అంటుకున్నదని అర్థం. ల్యాబులవాళ్లు దీన్ని బ్లాంకు అంటారు. ఇదంతా ఓపిగ్గా చెప్పాను.

నూకాలమ్మ ఆ సీసా ఎత్తి చూసింది. "అంటే మా ఆడపడుచు మొగుడులాగన్నమాట. పెళ్లికొచ్చి పుల్ల తీసి పక్కనెట్టడు. ఆయన మొగం సూసి పెళ్లెలా జరిగిందో సెప్పుకోవాలి" అంది. ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను, బ్లాంకుని ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

నర్సాపూర్ మీదుగా

హైదరాబాదులో దిగి మెదక్ బస్సెక్కాం. నర్సాపూర్ మీదుగా పోతుందని కండక్టరు అనగానే నూకాలమ్మ మొహం వెలిగింది. గోదావరి ఒడ్డు నరసాపురంలో ఆవిడ చెల్లెలుంది. ఇది ఆ ఊరు కాదనీ, ఇక్కడ గోదావరి బదులు అడవి ఉంటుందనీ చెప్పేసరికి, ఒకే పేరు రెండూళ్లకి పెట్టిన ప్రభుత్వాన్ని అడవి దాటేదాకా తిట్టింది.

ఈ బస్సుల్లో ఒక మర్యాద చూశాను. మా వైపు పక్కవాళ్లు ముందు మన ఊరు, తర్వాత మనవాళ్ల పేర్లు, ఆ తర్వాత నెమ్మదిగా మన కులం లాగుతారు. ఇక్కడ ముందు "తిన్నరా?" అని అడుగుతారు. తినలేదంటే సంచిలోంచి జొన్న రొట్టె తీస్తారు. మిగతావి రొట్టె నములుతుండగా అడుగుతారు. ప్రశ్నలు అవే గానీ కడుపు నిండి ఉంటుంది.

మెదక్‌లో ఆటో అబ్బాయి పెట్టె ఎత్తబోయి ఆగాడు. "గింత బరువుంది, ఏమున్నదమ్మా లోపట?"

"మట్టి" అన్నాను.

"మట్టా? గాడికెళ్లి గీడిదాంక మట్టి తెచ్చిండ్రా? మా తాన మట్టి లేదనుకున్నరా?" వాడు ఆటో ఆపిన ప్రతి చోటా తోటివాళ్లకు మమ్మల్ని చూపించాడు. ల్యాబు చేరేసరికి ఊరికి మా సంగతి తెలిసిపోయింది.

విత్తనాల కొట్టు పైన

ల్యాబు ఒక విత్తనాల కొట్టు మీది అంతస్తు. యజమాని శ్రీశైలం గారు మెట్ల మీదికే ఎదురొచ్చారు. నిజాంపేట నుంచీ రేగోడ్ నుంచీ రైతులు బోరు నీళ్లూ చేను మట్టీ తెస్తారు, మందుల ఫ్యాక్టరీల మురుగునీళ్లు కూడా వస్తాయి. అవి చూస్తూ బతుకుతున్న ల్యాబు. నూనెని పట్టే యంత్రం ఉన్నది ఆ ఫ్యాక్టరీల పుణ్యమే.

"రాండ్రి మేడమ్, కూసోండ్రి. సముద్రం కేసు మాకు రావుడు ఇదే ఫస్టు. మస్తు ఖుషీగుంది. మీరేం పరేషాన్ గాకుండ్రి" అన్నారు. పెట్టెని రెండు చేతులతో అందుకుని, దాని ముందు చెప్పులు విప్పారు.

పని అసలు తెలిసిన మనిషి రేష్మా. ఎమ్మెస్సీ చదివింది, మాట తక్కువ. సీళ్లన్నీ చూసి, ప్రతి జాడీలోంచీ సగం మట్టే తీసి ద్రావకంలో నానబెట్టింది, బ్లాంకుతో సహా ప్రతి సీసాలోంచీ సగం నీళ్లే తీసి ద్రావకంతో కలిపింది. మట్టిలో ఉన్న నూనె ద్రావకంలోకి దిగుతుంది. దాని మీద కంటికి కనబడని వెలుగు వేస్తే నూనె మెరుస్తుంది. ఆ మెరుపెంతో యంత్రం అంకె చూపిస్తుంది.

సాయంత్రం భోజనం హోటల్లో పచ్చిపులుసు పోశారు. నూకాలమ్మ నోట్లో పెట్టుకుని నిర్ఘాంతపోయింది. "పొయ్యి మీదెట్టడం మర్సిపోయారండి!" అని వడ్డించేవాణ్ణి పిలిచింది. అది పొయ్యి ఎక్కదమ్మా అని అతను నవ్వాడు. పులుసుకి నిప్పు చూపించని ఊళ్లో మన మట్టికి న్యాయం జరుగుతుందా అని నా చెవిలో అడిగింది. అడుగుతూనే మూడుసార్లు పోయించుకుంది. నాకూ నచ్చింది, ఇంటికొచ్చాక చేస్తే కుదరలేదు.

శుక్రవారం ఊదు

శుక్రవారం పొద్దున్న రేష్మా ద్రావకాలన్నీ వెడల్పాటి గాజు పాత్రల్లో పోసి మూతల్లేకుండా ఆరబెట్టింది. కాస్త ఇగిరితే నూనె చిక్కబడుతుంది. సరిగ్గా అప్పుడే కింద బజార్లో చిన్న కలకలం వినిపించింది.

ఆ ఊళ్లో శుక్రవారం ఒక పెద్ద వయసు సాయిబు నిప్పుల కుండ పట్టుకుని బజారంతా తిరుగుతాడు. ప్రతి కొట్టు ముందూ నిప్పుల మీద చిటికెడు ఊదు చల్లి, నెమలీకల విసనకర్రతో పొగని లోపలికి తోస్తాడు. దిష్టి పోతుంది, బేరం నిలుస్తుంది. కొట్టు ఎవరిదైనా ఒకటే. గోడ మీద వెంకటేశ్వరస్వామి పటానికీ, గల్లాపెట్టెకీ, కూర్చున్న మనిషికీ సమానంగా పొగ అందుతుంది. మా వైపు సాంబ్రాణి తలంటు రోజున ఇంట్లో ఆడవాళ్లు వేసుకునేదే గానీ ఇలా ఊరికి వచ్చి వేసేవారు లేరు. ఎంత చక్కని ఆచారం అనుకున్నాను.

మామూలుగా ఆయన ల్యాబు గుమ్మంలోనే నిలబడి పొగ వేసి పోతాడట. ఆ రోజు శ్రీశైలం గారికి భక్తి పొంగింది.

"చాచా, ఇయ్యాల లోపట్కి రా. సముద్రం కెళ్లి కేసొచ్చింది. జర మంచిగ ఏయి" అని ఆయన్ని సరాసరి పాత్రలు ఆరబెట్టిన గదిలోకి తీసుకొచ్చారు. రేష్మా అప్పుడు పక్క గదిలో యంత్రం వేడెక్కించుకుంటోంది. సాయిబు గారు కూడా చేయి బిగబట్టలేదు. చిటికెడు కాదు, గుప్పెడు చల్లారు. నూకాలమ్మ కొప్పు విప్పి జుట్టుకి పొగ పట్టించుకుంది. స్వతంత్ర సాక్షిని, కెమిస్ట్రీ లెక్చరర్ని, నేనేం చేశాను? కళ్లు మూసుకుని, రెండు చేతులతో పొగని మొహానికి అద్దుకున్నాను.

మధ్యాహ్నం అంకెలు మొదలయ్యాయి. గొట్టం కింది మట్టి పెట్టగానే యంత్రం మీద అంకె పైకి ఎగబాకింది. "ఎక్కువేనా?" అంది నూకాలమ్మ. చాలా ఎక్కువన్నాను. ఆవిడ గబగబా కిందికి దిగి జిలేబీ పొట్లం తెచ్చి, ల్యాబులోనూ విత్తనాల కొట్లోనూ పంచింది.

చివర్లో రేష్మా బ్లాంకు పెట్టింది. శుద్ధమైన నీళ్లు. అంకె పైకి పోతూనే ఉంది. రేష్మా తీసి, కడిగి, మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. నా నోట్లో జిలేబీ అలాగే ఉండిపోయింది.

ద్రావకం చెడిందా అని కొత్త సీసా తెరిచి చూసింది, బాగానే ఉంది. అదే ద్రావకాన్ని ఆ గదిలో కాసేపు తెరిచిపెట్టి చూసింది, మెరిసింది. రేష్మా మెల్లిగా తన చున్నీ కొస వాసన చూసుకుంది. నేను నా కొంగు వాసన చూసుకున్నాను.

"ఊదు" అంది రేష్మా.

"ఊదు పొగ ఆయిలెట్లయితది మేడమ్?" శ్రీశైలం గారి మొహం పాలిపోయింది. నూనెలో మెరిసే సరుకుకి దగ్గరి చుట్టం బొగ్గు పొగలోనూ ఉంటుందనీ, యంత్రం మెరుపునే చూస్తుంది తప్ప చుట్టరికాలు అడగదనీ చెప్పాను. ఇదంతా పొద్దున్న పొగ మొహానికి పూసుకునేటప్పుడు గుర్తు రాకపోవడం నా చదువు గొప్పతనం.

శ్రీశైలం గారు గొంతు తగ్గించారు. ఆయన చెడ్డవారు కాదు, నిజంగా మా మేలు కోరే చెప్పారు. "గీ బ్లాంకు ముచ్చట ఎవ్వరడుగుతరు మేడమ్? నంబరు మీ దిక్కే ఉన్నది. గట్లనే రిపోర్టిద్దాం. గరీబోళ్లకు మంచైతది."

నాకూ ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. కానీ డిపో వకీలు ముందడిగేది బ్లాంకు సంగతే. అడక్కపోయినా అది మా కాలవ అంకె కాదు, మెదక్ బజారు పొగ అంకె. మిగిలిన సగం మట్టితో మళ్లీ చేద్దామన్నాను.

నూకాలమ్మ లేచి నిలబడింది. "మళ్లీ సేత్తే తక్కువొత్తే?"

"వస్తే అదే రాస్తాం."

"ఇంకేదన్నా పాడైతే?"

"ఇక మట్టి లేదు."

"ఉన్నది సాలదా మేడంగారు? ఇంత పెద్ద నెంబరు సేతిలో ఉండగా పారేసుకుంటారా? మీరసలు మా మనిసా, డిపో మనిసా?"

ఆ మాటకి నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. నీ ఇష్టం వచ్చినట్టు అనుకో, నా సంతకం మాత్రం పొగ మీద పెట్టనని గట్టిగానే అరిచాను. లాడ్జీలో ఆ రాత్రి ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి పడుకున్నాం.

శనివారం కాపలా

మర్నాడు రేష్మా ఇంటినుంచి ఉతికిన బట్టలు కట్టుకుని, తలకి నూనె లేకుండా వచ్చింది. గోడలు తుడిచాం, పాత్రలన్నీ ద్రావకంతో కడిగాం, పని వెనక గదికి మార్చాం. రాత్రే మూతలు బిగించి నానబెట్టిన మట్టి అది. ఆఖరి మట్టి.

నాతో మాట మానేసిన నూకాలమ్మ వచ్చి మెట్ల మొదట్లో కూర్చుంది. అంకె మీద నమ్మకం లేకపోయినా మట్టి ఆవిడదే కదా. ఇక ఆ మెట్లు ఎక్కినవాడు లేడు. బోరు నీళ్ల సీసాతో వచ్చిన రేగోడ్ రైతు బీడీ చెవిలోంచి తీయగానే లాక్కుని నేలకేసి నలిపింది. శనివారం ఆంజనేయస్వామికి అగరబత్తీలు వెలిగించుకుని వచ్చిన ఇంటి ఓనరుని స్వామితో సహా వెనక్కి పంపింది. చివరికి శ్రీశైలం గారినే ఆపి జేబులు తడిమింది.

"నా ల్యాబుల నన్నే పోనిస్తలేదు సూడుండ్రి!" అని ఆయన విత్తనాల కొట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చెప్పుకున్నారు.

ఈసారి రేష్మా బ్లాంకు ముందు పెట్టింది. యంత్రం కదల్లేదు. కాలవ నీళ్లలో నూనె కొద్దిగానే ఉంది, ఆటుపోట్లు కడిగేస్తాయి. చివర్లో గొట్టం కింది మట్టి పెట్టింది. అంకె లేచింది. శుక్రవారమంత ఎత్తు కాదు. కానీ ఇంకో జాడీలోని, కాలవ సముద్రంలో కలిసే చోటి మట్టితో పోలిస్తే ఎన్నో రెట్లు. ఇక ఏ వకీలూ దాన్ని పొగ అనలేడు. నేను రేష్మాని కౌగిలించుకున్నాను. అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో లేదు.

నూకాలమ్మకి చెబితే తలూపింది. కొంగున ముడి విప్పి, వీడ్కోలుగా, ఎండు చేపల పొట్లం రేష్మా చేతిలో పెట్టింది. ఎవరింటికైనా వెళ్లొచ్చేటప్పుడు ఏదో ఒకటి ఇచ్చి రావడం మా వైపు మర్యాద.

రేష్మా రెండు చేతులతో అందుకుని, మామూలుగానే అడిగింది. "అమ్మా, గివి గా కాల్వలయేనా?"

"ఆ కాలవ్వే తల్లీ. మాకింకో కాలవెక్కడిది?"

రేష్మా చేతులు అలాగే ఉండిపోయాయి. పొట్లం లోపల పెట్టలేదు, వెనక్కీ ఇవ్వలేదు. "మా అమ్మీకి బీపీ ఉన్నది. ఉప్పు తినొద్దన్నరు" అంది తలెత్తకుండా. నూకాలమ్మ ఆమె చేతుల్లోంచి పొట్లం నెమ్మదిగా తీసుకుని మళ్లీ కొంగున కట్టుకుంది.

తిరుగు బస్సు

రిపోర్టు నా సంచిలో ఉంది. చర్చి వెనకబడింది, పొలాలు వెనకబడ్డాయి. నూకాలమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

"మేడంగారు" అంది. "ఆ పొగ నెంబరైతే డిపోవోడు కొట్టి పారేసేవోడు, అంతేనా?"

"అంతే."

"అప్పుడు మాకు నాయం జరిగేది కాదు. కానీ రేపు నా సేపలు అమ్ముడయ్యేయి." గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. "ఇప్పుడిది నిజం నెంబరు. గొట్టం మూయించడానికి ఎన్నాళ్లడతదో మీ కమిటీకే తెలీదు. బజార్లో మాత్రం ఎల్లుండికి తెలిసిపోద్ది. ఆ పిల్ల మొగం సూశారుగా."

నేను కమిటీ గురించి, పరిహారం గురించి ఏదో చెప్పబోయాను. సగంలోనే నాకే నచ్చక మానేశాను. ఆ అంకె కోసం అంత పోట్లాడిన నాకు, అది ముందు ఎవరి గంప మీద పడుతుందో తట్టనేలేదు.

నర్సాపూర్ అడవి మొదలైంది. ఏదో ఒకటి అనకుండా ఉండలేకపోయాను. "ఆదివారం మా ఇంటికి రెండు కిలోలు పట్రా నూకాలమ్మా" అన్నాను.

ఆవిడ తిరిగి నా మొహంలోకి చూసింది.

"ఏ కాలవ సేపలండి?" అంది.